మిరప చేలో టేపురికార్డరు

గట్టు మీద రైతు కొత్త టేపురికార్డరు పెట్టాడు. మిరపకాయలు కోస్తూ రోజూ పాట ఎత్తుకునే ఆవిడ నోరు మూసుకుంది. ఆమె వెనక ఇరవైమంది కూలీలూ అంతే.

"ఏంటమ్మా, మధ్యాన్నమైనా సగం చేను కొయ్యలేదు?"

"మీ పాటలు వింటుంటే చెయ్యి సాగట్లేదండి."

"ఏరి ఏరి గుంటూర్లో రికార్డింగ్ చేయించా. పాటంటే ఏంటో మీకూ తెలియాలిగా."

"మరి మాది పాట కాదా?"

"పొద్దస్తమానం అదే ముక్క! తల పగిలిపోతోంది."

"ఆ ముక్కకే మా చేతులాడేది. మీ పాటలో నాలుగు నిమిషాలు ఫిడేళ్ళే మోగుతున్నాయి. అప్పుడేం చెయ్యమంటారు?"

"సర్లే, పాడి చావండి. ఆ రెండో చరణం మాత్రం వద్దు."

"ఏదండీ?"

"తెలీనట్టు మాట్లాడకు. కూలామె దప్పికై నీళ్ళు ముంచుకుందని తన కుండ పగలగొట్టాడే, ఆ ఆసామి చరణం."

"ముంచుకుంది మా అత్తేనండి. ఆ పాట కట్టిందీ ఆవిడే."

"కట్టింది మా నాన్న మీద!"

"ఆయన ముందే పాడేవాళ్ళం. ఒక్కనాడూ ఆపమనలేదు. ఆ చరణం వచ్చేసరికి తలొంచుకునేవారు. మీరు టేపురికార్డరు కొన్నారు."