పచ్చడి జాడీలో ఉదజని

(1966 ఏప్రిల్, మచిలీపట్నం. బాలికల ఉన్నత పాఠశాల సైన్సు ఉపాధ్యాయిని శ్రీమతి జ్ఞానమ్మ గారు తమ పదవీ విరమణ సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులు, మన పాఠశాల కమిటీ పెద్దలు సుందరరాజు అన్నయ్యగారికి, ప్రధానోపాధ్యాయిని ఎలీసబెతు గారికి, ఇంత ఎండలో గుడివాడ నుంచీ, కృష్ణ పాయ దాటి దివిసీమ నుంచీ వచ్చిన నా వాళ్ళకి, ఇన్నేళ్ళూ నా నోటిని భరించిన తోటి ఉపాధ్యాయినులకి, వెనక బెంచీల మీద అప్పుడే గుసగుసలు మొదలుపెట్టిన నా పిల్లలకి, అందరికీ నమస్కారాలు.

ఇందాకటి నుంచీ వక్తలు నన్ను ఓర్పులో భూదేవి అంటున్నారు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇంతమంది ఎదురుగా కూర్చుని ఉండగా ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలండీ! (నవ్వులు) ఏప్రిల్ నెలలో, బందరులో, శాలువా కూడా కప్పారు. ప్రేమతో కప్పారు కాబట్టి చెమటలు కారినా తీయను. కానీ నాకు కావలసిన కానుక వేరే ఉంది. అదేమిటో ముందే చెప్పేస్తాను. వరండా చివర ఉన్న సైన్సు గది తాళంచెవి కావాలి నాకు.

ఆ గది జూన్ నుంచి కుట్టు గది కాబోతోందని విన్నాను. విన్నానేమిటి, నిన్న మిషన్లు బండి దిగుతుంటే చూశాను కూడా. కుట్టు మీద నాకు కోపం లేదండీ, ఈ రవికె నేనే కుట్టుకున్నాను. నా కోపమంతా ఆ తాళం మీదే. నేను వెళ్ళిపోయాక ఈ స్కూల్లో ఆడపిల్ల పరీక్షనాళిక చేత్తో పట్టుకుంటుందా లేదా అన్నది ఈ సాయంత్రం తేలకపోతే, ఈ శాలువా కప్పుకుని ఇంటికెళ్ళి నేనేం చేసుకోను?

కొత్తగా చేరినవాళ్ళకి ఆ తాళం కథ తెలియదు. చెప్తాను. ఆరేడేళ్ళ కిందట పేపర్లో ఒక వార్త చదివాను. అమెరికాలో గ్యాసుతో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో ట్రాక్టరు నడిపారట. పొగ లేదు, మంట లేదు. దాన్ని ఫ్యూయల్ సెల్ అంటారట. నీళ్ళలోకి కరెంటు పంపితే ఉదజని, ఆమ్లజని, అదే హైడ్రోజనూ ఆక్సిజనూ, విడిపోతాయని మనం పాఠం చెప్తాం కదా, ఆ రెండూ మళ్ళీ కలిసి నీరయ్యేటప్పుడు కరెంటునిచ్చేలా చేస్తే అదే ఫ్యూయల్ సెల్. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. మా ఊరు నాగాయలంకకి అవతల. ఇవాళ్టికీ ఒక్క కరెంటు స్తంభం లేదు. బుడ్డిదీపం పొగకి మా అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఇది మనమెందుకు చేయకూడదు అనిపించింది.

చేద్దామంటే ముందు ఉదజని కావాలి. అదేమన్నా కిరసనాయిలా, సీసా పట్టుకెళ్ళి తెచ్చుకోవడానికి? అందుకని మా ఇంట్లో ఆవకాయ పెట్టే పింగాణీ జాడీ స్కూలుకి పట్టుకొచ్చాను. సబ్బులు చేసేవాళ్ళు వాడే కాస్టిక్ సోడా నీళ్ళలో కలిపి అందులో పోసి, చిల్లులు పడ్డ అల్యూమినియం గిన్నెల ముక్కలు వేస్తే, బుసబుసా పొంగుతూ ఉదజని వస్తుంది. మూతకి చిల్లు, చిల్లులో రబ్బరు గొట్టం. అంతే యంత్రం. ఆ ఏడాది మా ఇంట్లో ఆవకాయ లేదు. మా ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. అదుగో, మూడో వరసలో తల ఊపుతున్నారు చూడండి. (నవ్వులు)

దసరా సెలవులిచ్చే రోజు సాయంత్రం జాడీలో ముక్కలు వేసి, చూపించడానికి ఎలీసబెతు గారిని పిలుచుకొద్దామని బయల్దేరాను. నా పక్కన మన తెలుగు పండితురాలు కనకమహాలక్ష్మి గారు ఉన్నారు. గారేమిటి నా మొహం, మా వదిన. మతాలు వేరైనా మేమిద్దరం వదినా అంటే వదినా అనుకుంటాం. "పనిముట్లకి పూజలు చేసే రోజులు వదినా, ఇంత కష్టపడి చేసిన వస్తువుకి ఓ హారతైనా ఇవ్వకుండా మొదలుపెడతావా?" అంది. "వచ్చాక చూద్దాం, ఉండు" అన్నాను. ఉండమంటే ఉంటుందా మహాతల్లి!

జాడీకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, బంతిపూల దండ వేసింది. అక్కడిదాకా బాగానే ఉంది. కర్పూరం వెలిగిద్దామంటే సముద్రపు గాలికి ఆరిపోతోంది. అందుకని ఒక్కొక్క కిటికీ గట్టిగా మూసింది. జాడీ తన పని తాను చేసుకుపోతోంది, ఉదజని గదిలో నిండుతోంది. అప్పుడు భక్తిగా అగ్గిపుల్ల గీసింది.

(నవ్వులు. ప్రసంగం కొద్దిసేపు ఆగింది)

మూత వెళ్ళి పైకప్పుకి తగిలింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి మా వదిన కనుబొమలు సగం లేవు, చేతిలో హారతి పళ్ళెం మాత్రం వదల్లేదు! దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మన బందరు నోళ్ళు మీకు తెలుసుగా. ఆడపిల్లల బళ్ళో బాంబు పేలిందన్నారు. ఆ మాట గుడివాడ చేరేసరికి నేనే పోయానట. మా చెల్లెలు సత్యవతి గుండెలు బాదుకుంటూ రైలెక్కి వచ్చింది. నేను పెరట్లో చేపలు తోముకుంటున్నాను. నన్ను చూసి దానికి ఏడుపాగి కోపమొచ్చింది. "బతికే ఉన్నావా? ఆ ముక్క కబురు చెయ్యొద్దూ!" అని చెడామడా తిట్టి, చేపల పులుసు తినే వెళ్ళింది.

నవ్వుకోవడం ఇక్కడితో అయిపోయింది. మర్నాడు కమిటీ కూర్చుంది. "అమ్మా జ్ఞానమ్మా, ఆడపిల్లలకి ఈ గ్యాసులెందుకమ్మా? రేపు ఏ పిల్ల మొహమైనా కాలితే కన్నవాళ్ళకి నేనేం జవాబు చెప్పను?" అన్నారు సుందరరాజు అన్నయ్యగారు. ఆ మాటలో న్యాయముంది. అప్పుడూ ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటాను. గదికి తాళం పడింది. కానీ అన్నయ్యగారూ, అప్పటి నుంచి నేను నల్లబల్ల మీదే ఆమ్లం పోశాను, నల్లబల్ల మీదే గ్యాసు పట్టాను. సైన్సులో నూటికి నూరుమంది పాసయ్యారని ఇందాక నన్ను పొగిడారే, ఆ పిల్లల్లో ఒక్కతె కూడా పరీక్షనాళిక ముట్టుకోలేదండీ. ఆ పొగడ్త వింటుంటే నాకు సిగ్గేసింది.



ఇంకొక మాట. మా వదిన ఆ రోజు నుంచి ఆ గది ఛాయలకి పోలేదు. ఇంట్లో హారతి కూడా కోడలి చేతే ఇప్పిస్తుంది. "నా చేత్తో నీ గది మూయించాను" అని ఎన్నిసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకుందో నాకు తెలుసు. వదినా, తల దించుకోకు. ప్రేమతో చేసిన పనికి ఇన్నేళ్ళ శిక్ష చాలు. లేచి ఇలా రా.

మన బంట్రోతు నాంచారయ్య ఎక్కడ? ముందు ఆ కిటికీలన్నీ బార్లా తెరువు నాయనా. వేదిక మీద అగరొత్తులు ఆర్పి బయట పెట్టించు. అధ్యక్షులవారి చుట్ట కూడా. (నవ్వులు) అయ్యో, నవ్వకండి, నిజంగానే అంటున్నాను. ఆ చుట్ట అందుకో నాంచారయ్యా.

ఈ బల్ల మీద గుడ్డ తీస్తున్నాను. ఇది ఆ జాడీయే. ఈ ఆరేళ్ళూ మా పెరట్లో, ఆరుబయట, దీన్ని బాగుచేసుకుంటూ వచ్చాను. జాడీకీ సెల్‌కీ మధ్య ఈ నీళ్ళ సీసా ఉంది చూశారా? ఇటు ఎక్కడ నిప్పంటుకున్నా, మంట వెనక్కి జాడీలోకి పోకుండా ఇది ఆపుతుంది. దీని అవసరం నాకు నేర్పింది ఆ పేలుడే. ఈ గాజుపాత్రలో పలచని ఆమ్లం, అందులో రెండు ప్లాటినం రేకులు. ఒక రేకు మీదకి ఉదజని వస్తుంది, రెండోదానికి మనం పీల్చే గాలే తగులుతుంది. రేకుల తీగలు ఈ రాగి కాయిల్‌కి కలిపాను. కాయిల్ మధ్యలో దిక్సూచి పెట్టి, ఆఖరి బెంచీ వాళ్ళకి కూడా కనపడాలని దాని ముల్లుకి కాగితం బాణం అంటించాను. బాణం ఇప్పుడు ఉత్తరం చూస్తోంది. కరెంటు పుడితే సముద్రం వైపు తిరగాలి. తిరగకపోతే నేను నోరు మూసుకుని వెళ్ళిపోతాను.

అల్యూమినియం ముక్కలు ఇప్పుడే వేసి మూత పెట్టాను. వదినా, గొట్టానికున్న ఈ క్లిప్పు నువ్వే తియ్యి. నేను పక్కనే ఉన్నాను.

(కనకమహాలక్ష్మి గారు క్లిప్పు తీశారు)

బుడగలు వస్తున్నాయి. తొందరపడకండి. కంగారు పడితే అన్నమే ఉడకదు... అదుగో! కదిలింది! పిల్లలూ, కనపడుతోందా? తిరిగింది, చూడండి, సముద్రం వైపే తిరిగింది!

(చాలాసేపు చప్పట్లు)

ఏడవకు వదినా. సభలో ఇద్దరం ఏడిస్తే బాగుండదు, నన్ను ఒక్కదాన్నే ఏడవనీ. ఈ కరెంటుతో చిన్న బల్బు కూడా వెలగదండీ, ఆ సంగతి దాచను. కానీ పుట్టింది. పుట్టిన రోజే పిల్ల పరుగెత్తాలంటే ఎలా?

ఏమన్నారు అన్నయ్యగారూ? అలా నా ఒక్కదానికే చెప్పకండి, మైకు ముందుకి రండి, అందరూ వినాలి.

(అధ్యక్షులు మైకు దగ్గరికి వచ్చి, "కుట్టుమిషన్లు వరండాలో వేయిస్తానమ్మా. గది సైన్సుకే. నీళ్ళ సీసా లేకుండా మాత్రం ఏదీ మొదలుపెట్టొద్దు" అన్నారు. చప్పట్లు)

విన్నారుగా! ఆ షరతు నా నెత్తిన పెట్టుకుంటాను. ఆ తాళంచెవి నాకు ఇవ్వకండి, నాకిప్పుడు దేనికి? జూన్‌లో నా కుర్చీలో కూర్చోబోయే మన సుగుణకివ్వండి. తాళం పడ్డ ఏడాది ఎస్సెల్సీ చదువుతూ, "మేడమ్, మాకు చూపించకుండానే మూసేశారా?" అని నన్ను నిలదీసిన పిల్ల ఇది. బల్బు వెలిగించడం దీని వంతు. ఆ తర్వాత ఏదో ఒకనాటికి మా ఊళ్ళో దీపం వెలుగుతుంది. ఎవరు వెలిగించినా నాకు సంతోషమే.

కోప్పడ్డప్పుడు ఓర్చుకున్న అందరికీ, ఆవకాయ లేకుండా అన్నం తిన్న మా ఆయనకీ, మాట నిలబెట్టుకునే పెద్దమనసున్న కమిటీవారికీ కృతజ్ఞతలు. సుగుణా, తలుపు తీయగానే ముందు కిటికీలు తెరువమ్మా. నాకిక సెలవు.