కృపామణి మాటలు, నా గొంతు

తిట్టేది ఉంటే తిట్టేయ్ మామా. రెండు తగిలించినా పడతాను. అట్ల తలొంచుకోని చెనిక్కాయలు వలుస్తా కూర్చుంటే నేనేమనుకునేది? వచ్చి గంటయింది. "వచ్చినావా జయరావూ" అన్నావు, కాఫీ ఇచ్చినావు, అంతే.

మీ పాప కృపా, అత్తా ఇద్దురూ ప్రార్థన మందిరంలో ఆడోళ్ళ కూడికకు పోయినారని నువ్వు చెప్పంగానే నా పానం కుదుటపడింది. పెండ్లాం ఇంట్లో లేదంటే సంతోషపడే మొగుణ్ణి యాడన్నా సూసినావా? కాణిపాకం దాటినప్పటి నుంచి ఒకటే భయం, బస్సు దిగంగానే ఎదురొస్తాదేమోనని.

ఏమి? మొగుడూ పెండ్లాల తగువేనా అంటావా?

తగువైతే బాగుండు మామా. తగువులో ఇద్దురూ అరుస్తారు. ఈడ అరిచింది నేనొక్కణ్ణే. ఉండు, మొదుటి నుంచి చెప్తా. మధ్యలో ఆపొద్దు. ఆపితే మళ్ళా మొదలుపెట్టలేను.

మొన్న ఏడాది అలిపిరి రోడ్డులో స్కూటీ జారి మీ పాపకు కాలు ఇరిగింది గదా. రాడ్డేసినారు, మూడు నెల్లు మంచం. నువ్వూ అత్తా వచ్చి పదిదినాలు ఉండి పోతిరి. మీరు పోయినాక ఆమె ఒక్కతే గోడ సూస్తా పడుకోనుండేది. సూడలేక మా సెల్ఫోను షాపులోకి వచ్చిన పాత గేమ్ పెట్టె ఒకటి ఎత్తుకొచ్చినాను. టీవీకి తగిలించి, చేతిలో బటన్లు ఉండే పిడి మాదిరిది పట్టుకోని ఆడతారు. నువ్వు సూసినావులే, అత్త దాన్ని బీపీ మిషను అనుకునింది సూడు, అదే.

నేనే నేర్పించినా. వారానికంతా నన్ను మించిపోయింది. అది కాదు విశేషం. ఆడతా ఆడతా ఆమె మాట్లాడేది మామా. ఆ మాటలు!

సేద్యం ఆట ఒకటి ఉండాది. ఇత్తనమేస్తే నాలుగు దినాలకు టమేటా కాస్తాది. అందురూ ఆడేదే. నాకేం తోచింది? బొమ్మలు బాగుండాయి, పాట బాగుండాది. అంతే. మీ పాప ఏమనింది తెలుసా? "ఈ ఊర్లో మోటరు కాలిపోదు, బోరు ఎండదు, మండీలో రేటు పడదు. ఇది సేద్యం కాదబ్బా, సేద్యం చేసేవాడికి నిద్దర్లో వచ్చే కల. మా నాయనకు సూపిస్తే పకపకా నవ్వుతాడు. మళ్ళా ఎవురూ లేనప్పుడు ఒక్కడే కూర్చోని ఆడుకుంటాడు" అనింది.

నవ్వినావు! ఆ, అట్లనే నవ్వినాను నేను కూడా.

తుపాకుల ఆట ఒకటి. ఊర్లన్నీ ఖాళీగా ఉంటాయి, దాంకోని దాంకోని కాల్చుకోవాల. నేనైతే ఎంతమందిని కాల్చినానో లెక్క సూసుకునే రకం. ఈమె తుపాకీ పక్కన పెట్టి ఆ ఖాళీ ఇండ్లల్లో వంటిండ్లు సూస్తా తిరిగేది. కాల్చేస్తారే, దాంకో, అని నేను అరుస్తా ఉంటే, "ఉండు, ఈ ఇంట్లో రెండు పళ్ళాలు పెట్టి ఉండాయి. ఒకటి తిని లేసినారు, ఒకటి తినలేదు. ఇది గీసిన మనిషి ఎవురో గానీ, ఆకలితో లేసిపోయిన వాళ్ళను సూసినోడు" అనింది. నేను ఆ ఆట రెండేండ్లు ఆడినా మామా. ఆ పళ్ళాలు నా కంటికి ఆనలేదు.

గుంతలు దుంకే ఆట, పిల్లకాయలు ఆడేది, దాన్ని కూడా ఇడిసిపెట్టలేదు. "పడినోళ్ళను సూసి నవ్వకుండా మళ్ళా నిలబెట్టే ఆట ఇది" అనింది. కాలికి కట్టు ఏసుకోని ఉండే మనిషి ఆ మాటంటే ఎట్లుంటాది చెప్పు?

ఆమెకు పానం మాత్రం లారీ ఆటంటేనే. లోడేసుకోని ఊరి నుంచి ఊరికి పోయేదే ఆట. వానొస్తాది, వైపరు అటూ ఇటూ ఆడతాది, ఘాటు రోడ్డు మలుపు తిరగతాది. అంతే. నాకు ఆవలింతలు వచ్చేవి. ఆమె ల్యాబులో రక్తం తీసే పని చేసేది గదా, పొద్దున్నుంచి "తొందరగా కానీమ్మా, బస్సు పోతాది" అనే వాళ్ళే. ఒకదినం ఆ లారీ తోలతా మెల్లిగా అనింది: "ఇంత దూరం వచ్చినా, ఈడ నన్నెవురూ తొందర పెట్టలేదు."

ఆ మాట ఇని నేనేం చేయాల? పక్కన కూర్చోవాల. చెయ్యి పట్టుకోవాల. నేనేం చేసినానో తెలుసా? సెల్‌ఫోన్లో రాసుకున్నా.

అవును మామా. ఆ రాతతోనే మొదులైంది.

ఆటల గురించి మాట్లాడతా వీడియోలు చేసేవాళ్ళు ఉంటారు. నాకు ఇష్టమైన ఆటలు ఇవి, ఎందుకు ఇష్టమంటే ఇందుకు, అని. నేను కూడా ఒక ఛానల్ పెట్టి రెండేండ్లు అరిచినా, ఎవురూ సూడలే. మన రాయలసీమ మాటలో కృప మాటలు చెప్పినా సూడు... జనం పడినారు! "అన్నా, ఆటను ఇట్ల సూసేవాణ్ణి మేము యాడా సూడలేదు" అని రాసేవాళ్ళు. "నువ్వు రాస్తే పుస్తకమైతాది" అన్నాడు ఒకాయన, రిటైరైన హెడ్‌మాస్టరంట.

ఆమెకు తెలుసా అంటావా? తెలుసు. మొదుట్లో సంతోషపడింది కూడా. "చెప్పుకోబ్బా, నాదేం పోయింది" అనింది. డైరీలో రాసి ఇచ్చేది. నేను చదివేది. ఇద్దురం కలిసి చేస్తా ఉండామని ఆమె అనుకునింది. నేనూ అట్లనే అనుకున్నట్టు నటించినా.

కాలు నయమై లేసి తిరగతా ఉన్నప్పుడు అడిగింది. "ఒక్క వీడియో నేను మాట్లాడేదా? లారీ ఆటది." అడిగేదానికి ఎంత మొగమాటపడిందో మామా, ఉప్పు అప్పడిగినట్టు అడిగింది, సొంత మొగుణ్ణి.

నేనేమన్నానో తెలుసా? "ఆడోళ్ళు మాట్లాడితే కింద ఎట్లాంటి బూతులు రాస్తారో నీకు తెలీదు. నీ మంచికే చెప్తా ఉండాను" అన్నా. ఆమె తలూపింది. మరుసటి దినం ఇంకోసారి అడిగింది. అప్పుడు అరిచినా. "నీ గొంతు ఎవురింటారే, కీచుమంటాది" అన్నా.

కీచుమనదు మామా. నువ్వు పెంచినోడివి, నీకు తెలుసు. మందిరంలో ఆమె పాటెత్తుకుంటే పాస్టరమ్మ గూడా తన పాట ఆపి ఇంటాది. నాకు బూతుల భయం లేదు. ఆమె ఒక్కసారి నోరు తెరిస్తే, ఇన్నాళ్ళూ మాట్లాడింది ఎవురో అందరికీ తెలిసిపోతాది. అదీ నా భయం.

పోయిన నెల తిరుపతిలో ఒక కాలేజీలో ఆటల పండగ పెట్టినారు. నన్ను స్టేజీ మిందకి పిలిచినారు. ఆమే నా చొక్కా ఇస్త్రీ చేసింది. మూడో వరసలో కూర్చుంది, గంధం రంగు చీర.

మైకు పట్టుకున్న పాప, ఇంజినీరింగు చదివే పిల్ల, నన్ను అడిగింది. "సార్, లారీ ఆటలో నన్నెవురూ తొందర పెట్టలేదని మీరన్న మాటకు నేను ఏడ్సినాను. ఆ మాట మీకెట్ల తోచింది?"

చెప్పేదానికి అంతకంటే మంచి తావు ఉండాదా మామా? ఆ మాటన్న మనిషి మూడో వరసలో ఉండాది, లెయ్యమ్మా, అంటే అయిపోయేది. నేను... షాపులో గిరాకీల ఒత్తిడి గురించి ఒక కథ అల్లినా. కండ్లు తుడుచుకున్నట్టు కూడా చేసినా. చప్పట్లు కొట్టినారు.

అంతటితో ఆపినానా? "మీ ఇంట్లో మేడమ్ కూడా ఆడతారా సార్?" అని అడిగింది ఆ పిల్ల. "ఆమెకు టీవీ రిమోటుకీ గేమ్ పిడికీ తేడా తెలీదు" అన్నా.

హాలంతా నవ్వినారు మామా.

కృప కూడా నవ్వింది. అదే... అదే నాకు మరుపు రావడం లేదు. పక్కన కూర్చున్న ఆడమనిషి ఈమెను సూసి నవ్వితే, ఈమె కూడా తల ఊపతా నవ్వింది. నా పరువు పోకూడదని నవ్వింది.

ఇంటికొచ్చి వంట చేసింది. ఒక్క మాట అడగలేదు. మూడో దినం, "అమ్మకు మోకాళ్ళు నొప్పంట, పొయ్యొస్తా" అని సంచి సర్దుకుంది. బస్టాండు దాకా నేనే దిగబెట్టినా. ఎందుకు పోతా ఉండాదో నాకు తెలుసు. అయినా తెలీనట్టు టిక్కెట్టు కొనిచ్చినా.

మీకేం చెప్పింది? అత్త మోకాళ్ళ గురించేనా? ఊఁ. ఆమె నా మింద చాడీ చెప్పదు. చెప్పుంటే ఈ పొద్దు నాకింత బరువు ఉండేది కాదు.

ఈడికొచ్చినాక ఆమె సొంతంగా ఛానల్ పెట్టింది, నీకు తెలుసా? ఫోన్లోనే ఆడే లారీ ఆటతో. ఆ, మిద్దె మింద కూర్చోని మాట్లాడుకుంటా ఉండింది అన్నావే, అదే. పాట ప్రాక్టీసు కాదు మామా.

నేను షాపులో చెవిలో పెట్టుకోని విన్నా. నా పేరు కృపామణి, మాది ఐరాల, అని మొదులుపెట్టింది. మొగుడు, స్టేజీ, ఆ మాటే లేదు. లారీ, వాన, రోడ్డు. చివర్లో ఆ మాట అనింది. ఆమె మాటే. నేను ఏడాదిగా చెప్తా ఉండే మాట ఆమె గొంతులో వింటే... మామా, నాది ఎంత దొంగ గొంతో నాకే వినపడింది.

కింద జనం రాసినారు. "జయరావన్న మాటల్ని కాపీ కొడతా ఉండావు, సిగ్గులేదా?" అని. "సొంతంగా ఆలోచించేది నేర్చుకో" అని. వాళ్ళకేం తెలుసు! ఆమె జవాబు రాయలేదు. "నేను ఆయన పెండ్లాన్ని, ఆ మాటలు నావి" అని ఒక్క ముక్క రాసుంటే నా కథ ముగిసిపోయుండేది. రాయలేదు.

అప్పుడు గుణశేఖర్ అని ఒక పిల్లోడు నా వీడియో కింద రాసినాడు. "అన్నా, ఈమె మీ మాటలు దొంగతనం చేస్తా ఉండాది. మీరు ఊఁ అంటే మేము సూసుకుంటాం."

ఉండు మామా. నీళ్ళొద్దు. చెప్పనీ.

నేను ఊఁ అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ మాట పక్కన, నాకు నచ్చిందని చెప్పే లవ్ సింబల్ నొక్కినా. అంతే. ఒక్క ఏలు. నొక్కి ఫోను జేబులో పెట్టుకోని గిరాకీకి స్క్రీను గార్డు అతికించినా, గాలి బుడగ లేకుండా.

రెండు దినాల్లో వందలమంది ఆమె మింద కంప్లైంట్లు పెట్టినారు. ఛానల్ మూతపడింది.

ఆ సాయంత్రం ఆమె నాకు ఫోన్ చేసింది మామా. ఊరికి పోయినాక మొదుటిసారి. తెలిసిపోయిందనే అనుకున్నా. ఏమనింది? "ఏమబ్బా, బువ్వ తిన్నావా? నేను చిన్న ఛానల్ ఒకటి పెట్టుకున్నాలే, నీకు చెప్పలేదు, కోప్పడొద్దు. ఎందుకో మూసేసినారు. ఇట్లాంటివి నీకు తెలుస్తాయి గదా, ఒకసారి కనుక్కుంటావా?" అనింది.

కనుక్కుంటావా అని నన్ను అడిగింది!

"సూస్తాలే" అన్నా.

నువ్వు నన్ను సూడంగానే కాఫీ ఇచ్చినావు. పాపను తీసుకుపోయేదానికి వచ్చినాడు అల్లుడు అనుకున్నావు. ఆమైతే ఆ ఛానల్ని సరిచేసేదానికి వచ్చినానని అనుకుంటాది.

ఎందుకొచ్చినానో చెప్పనా? దాచిపెట్టేదానికి ఇంకేం లేదు. మొన్నామధ్య కొత్త ఆట ఒకటొచ్చింది. అందురూ నా మాట కోసం కాచుకోనుండారు. వారం దినాలు ఆడినా మామా. నోట్లో నుంచి ఒక్క మాట పెగల్లేదు. బొమ్మలు బాగుండాయి, పాట బాగుండాది. నాకు ఏ ఆట ఇష్టమో, ఎందుకు ఇష్టమో, నాకే తెలీదు. అప్పుడు బయలుదేరినా. కాళ్ళు పట్టుకోని, అత్త మోకాళ్ళు నయమైనాయి గదా అని చెప్పి, ఆ లవ్ సింబల్ మాట ఎత్తకుండా ఆమెను తీసుకుపోదామని వచ్చినాను. పెండ్లాం కోసమా, ఆమె మాటల కోసమా అని అడగొద్దు. బస్సులో నన్ను నేనే అడుక్కున్నా. జవాబు బాగాలేదు.

నీకెందుకు చెప్పినానో కూడా తెలీదు. నువ్వు ఏమీ అడక్కపోతివి, అదే నన్ను చంపింది.

ఏమి? ...ఆమెకు నేనే చెప్పాలనా?

నువ్వు చెప్పకూడదా మామా? నీ నోటితో అయితే... సరే. సరేలే. అట్ల సూడొద్దు, సరే అన్నా గదా.

ఆటో ఆగింది. అత్త గొంతే అది. కృప నవ్వతా ఉండాది, ఎవురితోనో.

మామా, యాడికి లేస్తావు? మొగుడూ పెండ్లాలు మాట్లాడుకోనీ అని నువ్వు లోపలికి పోవద్దు, నీకు దండం పెడతా. ఈడే కూర్చో. నువ్వు పక్కన లేకపోతే నేను ఆమె మొగం సూసి మళ్ళా ఏదో ఒక అబద్ధం చెప్పేస్తా. ఆమె నమ్మేస్తాది.