చిట్టియ్య అనుమానం

మీ తాత గురించా? కూర్చో శ్యాంబాబూ, ఎండ తగ్గాక వెళ్దువుగాని. నరసాపురం రేవులో చిట్టియ్యా నేనూ జనాన్ని గోదారి దాటిస్తూ ఒకే పంటు మీద పనిచేశాం కదా, వాడి సంగతి నాకు తెలీదేంటి. గోదారి అవతలి ఒడ్డు ఇవాళ కూడా అక్కడే ఉందా అని చూసుకునే రకం. అలాంటోడి పెళ్లానికి జబ్బు చేసింది. తొంభై ఆరు తుఫాను వెళ్లిన మరుసటేడు, మీ మామ్మ దీనమ్మ మెడ మీద ఉసిరికాయంత గడ్డ లేచింది. రాజమండ్రిలో థైరాయిడ్ కేన్సరని చెప్పి ఆపరేషన్ చేశారు. చర్చిలో ఆవిడ పాటెత్తుకుంటే రోడ్డు మీదకి వినపడేదా, ఆ ఆపరేషన్ తర్వాత గుసగుసే మిగిలింది. "గడ్డ తియ్యమంటే గొంతు తీసేశార్రా, ఇందులో ఏదో ఉంది" అన్నాడు చిట్టియ్య. డాక్టరుగారేమో, "నరం దెబ్బతినొచ్చని ముందే చెప్పాను కదండీ" అన్నారు. చెప్పారు, నేనూ విన్నాను. వీడు నమ్మితేగా!

ఆనక హైదరాబాదు పంపారు. ఎక్కడైనా కేన్సర్ మిగిలుంటే చంపడానికి అయోడిన్ మందు మింగించాలట, అందులో రేడియేషన్ ఉంటుందట. దానికోసమని, ఆపరేషనయ్యాక రోజూ వేసుకుంటున్న థైరాయిడ్ బిళ్లలు ముందు కొన్ని వారాలు ఆపేశారు. మొహం ఉబ్బిపోయి, మే నెల ఎండల్లో దుప్పటి కప్పుకుని కూర్చునేది పాపం. నన్నూ తోడు రమ్మన్నాడు, వెళ్లాను. మందు మింగాక గదిలో ఒక్కదాన్నే ఉంచి తలుపేశారు. నర్సు అన్నం గుమ్మంలో పెట్టి చకచకా వచ్చేసేది. "ఏంటండి సిస్టర్‌గారూ, అది మందే అయితే మీరెందుకు పారిపోతున్నారు?" అని నిలదీశాడు. "ఆవిడకి అవసరమండి, ఒక్కసారే. మాకు రోజూ ఇదే పని, రోజూ తగిలితే మాకు ముప్పు కదండీ" అందావిడ నెమ్మదిగా. మర్నాడు తలుపు దగ్గర నిలబడి, దీనమ్మా దీనమ్మా అని ఒకటే కేకలు. జవాబు లేదు. గొంతే లేదాయె, ఎలా పలుకుతుంది! ఆ కంగారులో వీడికది తట్టలేదు. "చచ్చిపోయిందిరా, మన దగ్గర దాచేస్తున్నారు" అని తలుపుని భుజంతో గుద్దేస్తున్నాడు. వాచ్‌మన్లొచ్చి పట్టుకున్నారు. అప్పుడు వినపడ్డాయి లోపల్నుంచి చప్పట్లు. చర్చిలో పాటకి కొడతారే, అలా. వీడు వరండాలో చతికిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దన్నారు. పక్కింటి లోవలక్ష్మి, "అంటురోగమేమో, చెప్పట్లేదు వీళ్లు" అంది. మీ తాతకి ఎంత కోపమొచ్చిందో! లోకంలో అందర్నీ వీడు అనుమానించొచ్చు, వీణ్ణి మాత్రం ఎవరూ అనుమానించకూడదు. ఆ ఆపిన బిళ్ల మళ్లీ మొదలెట్టి, జన్మంతా రోజూ ఒకటి వేసుకోవాలన్నారు. షాపువాడు మార్చేశాడేమోనని పొద్దున్నే బిళ్ల కొస గిల్లి నాలిక మీద వేసుకునేవాడు, ఆ తర్వాతే ఆవిడకిచ్చేవాడు. దాంతో ఏం తెలుస్తుందిరా అంటే, నీకెందుకు అనేవాడు.

ఆవిడకి నయమైంది. గుండెనొప్పి వీడికొచ్చింది, రెండువేల నాలుగులో, పంటు గోదారి మధ్యలో ఉండగా. ఆసుపత్రికి పదరా అంటే, "వద్దు, వాళ్లు నన్నేం చేస్తారో" అన్నాడు. పంటు అవతలికి చేరేలోపే పోయాడు. సమాధి చేసిన మర్నాడు వెళ్తే, మీ మామ్మ అరచేతిలో బిళ్ల పెట్టుకుని కూర్చునుంది. మింగమ్మా అన్నాను. "మంచిదేనంటావా అన్నయ్యా?" అంది, ఆ గుసగుసలోనే. కొస గిల్లి నేనూ నాలిక మీద వేసుకున్నాను.

దానికి రుచేమీ లేదురా. అన్నేళ్లూ వాడేం చూశాడో...

అదిగో, పంటు వచ్చేసింది. లే.