ఇంకా కిందికి దిగని బంతి

దర్జీ బాబాయ్ కోతలకి ఊళ్లో మంచి గిరాకీ. కుట్టుకే అంత లేదు. ఆ సాయంత్రం మాత్రం టీ కొట్టు దగ్గర ఆయన నోరు ఊరికే లేవలేదు. ఎదురుగా ఉన్న మైదానం మూడు ఫుట్‌బాల్ క్లబ్బులది. ఆదివారం పొరుగూరి జట్టు ముందు పదకొండు మందిని నిలబెట్టకపోతే దాన్ని లారీల స్టాండుకి ఇచ్చేస్తామని మున్సిపాలిటీ వాళ్ళు చెప్పిపోయారు. ఏ క్లబ్బుకీ అంతమంది లేరు. కెప్టెన్లు ముగ్గురూ, అంటే కరెంటు పనివాడు, ఆటో డ్రైవరు, లెక్కల మాస్టారు, మూడు బెంచీల మీద మూడు దిక్కులకి తిరిగి టీ తాగుతున్నారు. బాబాయ్‌కి ఒకటే బెంగ. మైదానం పోతే తన కోతలకి ఇక చోటేదీ?

“నేనేమంత ఆటగాణ్ణి కాదు,” అని మొదలుపెట్టాడు. “నా కుడికాలు చెప్పింది ఎడమకాలు వినదు. అయినా అప్పట్లో ఇక్కడ జరిగిన ఫైనల్లో బంతిని కాస్త గట్టిగా తన్నాననుకోండి.”

“కాస్తేనా?” అంది టీ కొట్టు వదిన గ్లాసులు కడుగుతూ.

“కాస్తే వదినా. పైకి లేచింది. లేచిందంటే లేచింది, దిగదే. రిఫరీ ఈల నోట్లో పెట్టుకునే ఇంటికెళ్ళి భోంచేసి వచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీకటి పడింది, తెల్లారింది, బంతి జాడ లేదు. అవతలి గోల్‌కీపరు మాత్రం కదిలితే ఒట్టు. చేతులు చాపుకుని అలాగే నిలబడ్డాడు.”

“ఎన్నాళ్ళని?” అన్నాడు డ్రైవరు, తల ఇటు తిప్పకుండానే.

“నిలబడే తిన్నాడు, నిలబడే నిద్రపోయాడు. పెళ్ళి కుదిరితే పిల్లనే గోలు దగ్గరికి తీసుకొచ్చారు. కొడుకు పుట్టాడు, వాడికి మీసాలొచ్చాయి, ‘నాన్నా, ఇక నువ్వు కూర్చో’ అని వాడు చేతులు చాపాడు. అప్పుడు దిగింది బంతి, ఒంటికి మేఘం ముక్కొకటి అంటించుకుని. వాడి కాళ్ళ సందులోంచి దూరి, వల చించుకుని…”

“ఆగు బాబాయ్,” అన్నాడు కరెంటు పనివాడు. “ఆ ఫైనల్ నేను గోడెక్కి చూశాను. నువ్వసలు ఆడలేదు. బంతికి గాలి కొట్టావంతే.”

“గాలి కొట్టింది కూడా మా అన్నయ్య,” అన్నాడు డ్రైవరు. “ఈయన పంపు పట్టుకున్నాడు.”

“అదైనా సరిగ్గా పట్టుకున్నాడా? నా పాదం మీద పడేశాడు,” అన్నారు మాస్టారు.

బాబాయ్ ముఖం చిన్నబోయింది. వదిన గ్లాసులు కడగడం ఆపింది.

“మూడు క్లబ్బులూ ఒక్క మాట మీదికి రావడం ఇదే చూడ్డం. మా మరిది అబద్ధాలకోరని తేల్చేశారు కదా, ఆ నోటితోనే ఆదివారం ఎవరెవరు ఆడాలో కూడా తేల్చెయ్యండి.”

మాస్టారు తన బెంచీ ఈడ్చుకొచ్చి డ్రైవరు పక్కన వేశారు.

“మీలో గోలు కాసేవాడెవడైనా ఉన్నాడా? మాకు లేడు.”

“మాకు ఉన్నదే వాడొక్కడు,” అన్నాడు డ్రైవరు జరిగి చోటిస్తూ.

కరెంటు పనివాడూ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. జట్టు కుదిరింది. చొక్కా ఏ రంగు ఉండాలన్న దగ్గర మళ్ళీ గొంతులు లేచాయి. బాబాయ్ మెడలోంచి టేపు తీశాడు.

“రంగు కోసం రేపు కొట్టుకోండి. ముందు కొలతలు తీసుకోనివ్వండి.”

టేపు తన చుట్టూ పడగానే కరెంటు పనివాడు ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగించాడు.

“గాలి వదులు నాయనా,” అన్నాడు బాబాయ్. “ఇక్కడ అబద్ధాలాడటానికి నేనొక్కణ్ణి చాలు.”