అనుమానం సొరుగు

క్రాకోవ్‌లో మా మాండలిక నిఘంటువు గది ఖాళీ చేస్తున్న రోజున, పాత చీటీల బీరువా ముందు ఇద్దరు రిటైరైన పరిశోధకులు కూర్చున్నారు. ఆవిడ ఊరూరా తిరిగి మాటలు ఏరింది, ఆయన మొక్కలు ఏరాడు.

"ఇదేం సొరుగు డాక్టరమ్మా?"

"అనుమానం సొరుగు. ఒక్కరి నోటే విన్న మాటలు ఇందులో పడేస్తాం. రెండో మనిషి కూడా అంటేనే నిఘంటువులోకి ఎక్కిస్తాం."

"ఒక్క చీటీయే ఉందే!"

"చదవండి. మీకు తెలిసిన పువ్వే."

"'వ్రుచ్కా. వాగు ఒడ్డున పూసే పసుప్పచ్చ పువ్వు. చెప్పింది బల్బీనా అవ్వ.' అబ్బో, ఇది ఇంకా దాచారా?"

"దీనికోసమేగా ఆ తర్వాత మూడు వేసవులు మీ జీపులో అవ్వ వాళ్ళ కొండ ఊరికి వచ్చాను! గడపగడపకీ తిరిగి అడిగాను. ఒక్కళ్ళూ ఆ మాట అనలేదు."

"ఎలా అంటారు? ఓ నిజం చెప్తాను, తిట్టకండి. ఆ మాట నేనే పుట్టించాను, 'తిరిగొచ్చేది' అనే అర్థం వచ్చేలా. మీకు అలా చెప్పమని అవ్వని బతిమాలుకున్నాను. మీరు మళ్ళీ వస్తారని."

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"అవ్వ ఆ మాట చెప్పిన సాయంత్రం నుంచే. మీరు అటు వెళ్ళగానే అవ్వ నవ్వాపుకోలేక చెప్పేసింది."

"తెలిసి కూడా మూడేళ్ళు ఎందుకొచ్చారండీ?"

"రెండో మనిషి నోట విందామని. ఆ పువ్వు మీ చేతికి ఎన్నిసార్లు ఇచ్చానో! ఇచ్చినప్పుడల్లా మీరు దాని లాటిన్ పేరే చెప్పారు."