ప్లంక్‌ది ఏ రంగు?

మిన్నెసోటాలో ఒక చర్చి, కింది అంతస్తులో వంటగది. పైన చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. కింద మిక్సీ దగ్గర పెళ్లికొడుకు ఓరిన్, పెళ్లికూతురు మార్లిస్. ఇద్దరికీ డెబ్బై దాటాయి.

"సిమెంటు కలిపావేంటి ఓరిన్?"

"సిమెంటు కాదే తల్లీ, ప్లంక్! ఐస్‌క్రీమ్‌లో నల్ల బిస్కెట్లు పొడి చేసి కొట్టా. అచ్చం వాడి ఒళ్లే."

"ప్లంక్ బూడిద రంగా? ఊదా! ఏవీ ఆ బ్లూబెర్రీలు?"

"చెరువు బురదలో ఉండే భూతం ఊదాగా ఎందుకుంటాడు? చిన్నప్పుడు టీవీలో వారం వారం చూశాన్నేను."

"మీ ఇంట్లో ఉన్నది నలుపు తెలుపు టీవీ. అందులో టమాటా కూడా బూడిదే."

"మీ ఇంట్లో రంగుల టీవీయా?"

"బ్లూబెర్రీలు ఇటివ్వు."

"అడిగినదానికి చెప్పు. ఎంతుండేది మీ టీవీ?"

"గోడంత."

"ఆ రోజుల్లో గోడంత టీవీనా?"

"గోడంటే గోడే. మూత తియ్."

"తియ్యను. పెళ్లికి కేకు వద్దని ఈ మిల్క్‌షేక్ ఎందుకు పెట్టుకున్నాం? బౌలింగ్ ఆడేచోట నువ్వు 'ప్లంక్ అంటే నాకూ ప్రాణం' అన్నావు. ఊళ్లో ఇంకెవరికీ వాడు గుర్తే లేడు. అందుకేగా నిన్ను పెళ్లాడమని అడిగా!"

"ప్రాణమే. ఇప్పటికీ ప్రాణమే. ఇదిగో, పైన రెండు బిస్కెట్లు గుచ్చుతున్నా, కొమ్ములకి."

"వాడికి కొమ్ములెక్కడివి?"

"లేవా? పోనీ, గిట్టలు."

"గిట్టలా!"

"టకటకా నడిచేవాడుగా!"

"ఏం టకటక? వాడికున్నది ఒక్క చెక్క కాలు."

"ఓహో, చెక్క కాలా! అదా సంగతి!"

"అదా సంగతేంటి? మార్లిస్, ఇటు చూడు."

"ఐస్‌క్రీమ్ కరిగిపోతోంది."

"కరగనీ. నువ్వు ప్లంక్‌ని చూశావా, లేదా?"

"ఎంత కమ్మగా పాడేవాడు! అంత తియ్యటి గొంతుకి బూడిద రంగేంటయ్యా, ఎవరైనా వింటే నవ్విపోతారు."

"పాడటమేంటి? వాడు మూగవాడు!"

"మూగా? నోరు మూస్తేగా! ఒట్టి వాగుడుకాయ."

"నోరు ఆడించేవాడు, అంతే. మాట మార్చకు. పైన పాస్టరుగారు ఎదురుచూస్తున్నారు. చూశావా, లేదా?"

"లేదు."

"లేదా!"

"మా ఇంట్లో టీవీయే లేదు ఓరిన్. పాపం చుట్టుకుంటుందని నాన్న కొననివ్వలేదు. పక్కింటివాళ్ల టీవీ మా గోడకి అవతల ఉండేది. గోడకి గ్లాసు ఆనించి, చెవి పెట్టి వినేదాన్ని. ఊదా అని నాకు నేనే అనుకున్నా. ఆ రోజు నీ మొహంలో సంబరం చూసి, చూశానని అబద్ధమాడేశా. పెళ్లి వద్దంటే కాదనను, ఈ గౌనుతోనే ఇంటికి పోతా. అలా గుడ్లప్పగించి నిలబడకు, తిట్టు!"

"పాటలు కూడా పాడేవాడా?"

"ప్రతి వారం పాడేవాడు. నువ్వు చూశావుగా, నీకు తెలీదూ?"

"ఇదిగో, మూత తీశా."

"ఓరిన్?"

"మా నాన్న ఆ టీవీని చెత్తకుప్పలోంచి ఏరుకొచ్చాడు మార్లిస్. బొమ్మ వచ్చేది. చప్పుడు వచ్చేది కాదు."

"ఒక్క మాట కూడా వినలేదా?"

"ఒక్క ముక్క కూడా."

"అయ్యో, నా పిచ్చి నాయనా... అదిగో, పైనుంచి పిలుస్తున్నారు."

"పిలవనీ. ఆ బ్లూబెర్రీలన్నీ పోసెయ్. పోస్తూ ఒక్క పాట పాడు, వాడి గొంతుతో."