మూడో పాట

పెకమ్ వెళ్లే లండన్ బస్సు పైఅంతస్తులో, నా ముందు సీట్లో తల్లీకూతుళ్లు కూర్చున్నారు. కూతురు టోపీని కళ్లదాకా లాక్కుంది.

“నా మొదటి ఆల్బమ్ విన్నావా అమ్మా?”

“జడలు అల్లించుకోడానికి సెలూన్‌కి పోతే అక్కడ పెట్టారే. నీ గొంతుకి అందరూ మురిసిపోయారు. పాడేది నా కూతురే అని చెప్పబోయాను. ఇంతలో మూడో పాట మొదలైంది.”

“నీకు ముందే వినిపించాల్సింది. ధైర్యం చాల్లేదమ్మా.”

“తాగి మెట్ల మీద పడిపోయిన అమ్మకి తన కోటు కప్పి, ఆ చలిలోనే బడికెళ్లిన పిల్ల. ఆ పాటలో ఒక్క ముక్క అబద్ధం లేదు.”

“నీ పేరెక్కడా చెప్పలేదుగా!”

“లేదులే. జడలల్లే ఆవిడ కళ్లు తుడుచుకుని, అదీ ఒక తల్లేనా అంది. తలా ఒక మాట తిట్టారు.”

“లేచి వచ్చేశావా?”

“సగం జడలతో ఎక్కడికొస్తానే? నేనూ తిట్టాను. అందరికంటే గట్టిగా.”